గుర్తు తెలియని వాహనం ఢీకొంటే: సైకిలు మనిషికి చట్టంలో ఉన్న దారులు

(పెన్షనర్ల దినోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని. ఆ మాట మనందరికీ కంఠతా వచ్చు. ఈసారి కార్యదర్శి గారు నన్ను కరువు భత్యం బకాయిల మీదో, ఆరోగ్య కార్డుల మీదో మాట్లాడమనలేదు. "మీ చెయ్యి విరిగిన సంగతి చెప్పండి, దాంతోపాటు చట్టం ఏమంటుందో కూడా చెప్పండి" అన్నారు. మొదటిది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

నేను వకీలును కాను. జిల్లా కోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ణి. అందులో చాలా ఏళ్లు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ సీటులోనే గడిచాయి. ఎన్నో ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఏ కాగితం లేకపోతే క్లెయిము కుంటుతుందో నాకు తెలుసు. తెలిసిన నేనే చేసిన తప్పు వినండి.

ఒక్క మాట

రిటైరయ్యాక కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. తెల్లవారుజామున సైకిలు మీద బొటానికల్ గార్డెన్ వైపు వెళ్లి రావడం అలవాటు. 2022 నవంబరులో ఒకరోజు అయిదున్నర వేళ వెనుక నుంచి వచ్చిన కారు అద్దం నా సైకిలు హ్యాండిల్‌కు తగిలింది. నేను రోడ్డు మీద పడ్డాను. కారు ఒక్క క్షణం నెమ్మదించింది. ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు, వెళ్లిపోయింది.

రోడ్డు ఊడుస్తున్న సఫాయి అమ్మ పరుగెత్తుకొచ్చి లేపింది. ఆటో ఆపింది. ఎక్కిస్తూ, "పోలీసోళ్లు నన్ను పిలుస్తరా సారూ?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను.

ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టరమ్మ, మా మనవరాలి వయసుంటుంది, "ఎలా పడ్డారు అంకుల్?" అని అడిగింది. నొప్పిలో ఉన్నాను. దానికి తోడు ఈ వయసులో సైకిలు తొక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నానని కోడలు ఏమంటుందో అన్న బెరుకు. "సైకిలు మీద నుంచి పడ్డానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి అదే రాసింది. స్వయంగా పడినట్లు.

ఎడమ మణికట్టు ఎముక విరిగింది. కట్టు విప్పాక, అయిదు వారాలకు, మా అబ్బాయి పట్టు పట్టి పోలీసు స్టేషనుకు తీసుకెళ్లాడు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. కేసు షీటు చూసి, "ఇందులో కారు మాటే లేదు కదండీ" అన్నాడు. ఎదురుగా ఉన్న దుకాణం కెమెరాలో ఆ రోజు రికార్డు అప్పటికే చెరిగిపోయింది. నేను మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చాను. ఏళ్ల తరబడి ఇతరుల ఫైళ్లలో ఏ లోపాన్ని ఎర్ర సిరాతో గుర్తించానో, సరిగ్గా అదే లోపం నా ఫైలులో నా నోటి మాటతో పడింది.

నాకు పెన్షన్ ఉంది, మందుల ఖర్చుకు ఇబ్బంది లేదు. మూడు నెలలు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను, అంతే. కానీ ఆ రోడ్ల మీద సైకిలు తొక్కేవారందరూ నాలాంటి వారు కారు.

ఆ రోడ్ల మీద సైకిలు ఎవరు తొక్కుతారు?

1998 నవంబరులో ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మాదాపూర్ అంటే రాళ్లగుట్టలు. ఇప్పుడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలే. మన పిల్లల్లో చాలామంది అక్కడే పని చేస్తున్నారు. సెలవు రోజుల్లో వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ల మీద ఔటర్ రింగు రోడ్డు వైపు వెళతారు. 2023 అక్టోబరు 1న అక్కడ సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైంది. మంచి దారి. కానీ ఆ దారి దాకా చేరాలంటే కార్లు, క్యాబులు, నీళ్ల ట్యాంకర్లు, కాంక్రీటు లారీలు తిరిగే రోడ్ల మీదుగానే పోవాలి.

వాళ్లు గాక ఇంకొందరున్నారు. వాచ్‌మన్లు, తోటమాలులు, మేస్త్రీలు, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ వాళ్లు. వీళ్లు సైకిలు తొక్కేది ఆరోగ్యం కోసం కాదు, ఆటో ఖర్చు మిగుల్చుకోవడానికి. వీళ్లను బండి కొట్టి వెళ్లిపోతే మర్నాడు పత్రికలో 'గుర్తు తెలియని వాహనం ఢీకొని' అని రెండు వాక్యాలు వస్తాయి. ఆ రెండు వాక్యాలతో సంగతి అయిపోయిందని ఇంటివాళ్లు కూడా అనుకుంటారు. అయిపోదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. బండి దొరికితే ఒక దారి ఉంది, దొరకకపోతే మరో దారి ఉంది. రెండింటికీ కావలసిన కాగితాలు మాత్రం మొదటి రోజుల్లోనే పుట్టాలి.

మొదటి రోజు చేయవలసినవి

ఒకటి. 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. సహాయం చేసిన వారికి భయం అక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను ప్రకారం, మంచి మనసుతో గాయపడిన వారిని ఆసుపత్రికి చేర్చిన వారిపై కేసు ఉండదు. వారి పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ సఫాయి అమ్మకు నేను సరైన సమాధానమే చెప్పాను. ఆ రోజు నేను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

రెండు. ఆసుపత్రిలో అడగగానే "వెనుక నుంచి కారు కొట్టి వెళ్లిపోయింది" అని చెప్పాలి. గాయపడిన వారు మాట్లాడలేకపోతే వెంట వెళ్లిన వారు చెప్పాలి. దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. రాసింది ఒకసారి చదివించుకోవాలి. 'పడ్డాడు' అని ఉంటే అక్కడికక్కడే సరిచేయించాలి.

మూడు. పోలీసు ఫిర్యాదు. స్టేషను పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో డి.సి.పి. గారికి పంపవచ్చు. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. ఆలస్యమైందని అధైర్యపడవద్దు. ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును కొట్టివేయరాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి నాకు తెలిసి కూడా నేను ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి.

నాలుగు. వైద్యం. కేంద్ర ప్రభుత్వం 2025 మే 5న ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారికి, గుర్తించిన ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల దాకా చికిత్స అందాలి. బండి దొరికిందా లేదా అన్నదానితో దీనికి పని లేదు.

కెమెరాలో ఉన్న 15 లక్షలు

ఇప్పుడు బండిని వెతికే సంగతి. వెతకవలసింది పోలీసులే. కానీ ఎక్కడ వెతకాలో మనం చెప్పవచ్చు. ఆ ప్రాంతంలో ప్రతి గేటుకూ కెమెరా ఉంది. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం ప్రకారం జనసంచారం ఉండే సంస్థలు కెమెరాలు పెట్టాలి, ఆ రికార్డు 30 రోజులు ఉంచాలి. అంటే మనకు ఉన్న గడువు ఆ 30 రోజులే. ఫలానా దుకాణం, ఫలానా ఆఫీసు గేటు, ఫలానా అపార్టుమెంటు కెమెరాల రికార్డు భద్రపరచమని ఫిర్యాదులోనే రాయండి. ఆయా యజమానులకు కూడా ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. బండి ఔటర్ ఎక్కి ఉండవచ్చనుకుంటే టోలు గేటు రికార్డు కూడా చూడమని రాయండి. నంబరు మొత్తం కనిపించకపోయినా ఫరవాలేదు. రంగు, చివరి రెండు అంకెలు, బండి వెనుక రాసిన మాట, ఏది గుర్తున్నా రాయండి.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఒక లెక్క చెబుతాను. నెలకు 12,000 జీతం ఉన్న 45 ఏళ్ల వాచ్‌మన్ చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 1,44,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలిపితే 1,80,000. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1,20,000. ఆ వయసుకు గుణకం 14. మొత్తం 16,80,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. ఇది నా సొంత లెక్క కాదు. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పద్ధతి. అదే బండి దొరకకపోతే ఆ కుటుంబానికి చట్టం ఇచ్చేది 2,00,000. తేడా దాదాపు 15 లక్షలు. అది ఆ కెమెరా రికార్డులో ఉంటుంది. నెల దాటితే చెరిగిపోతుంది.

బండి దొరికితే

బండి నంబరు తెలిస్తే బీమా కంపెనీ ఎవరో తెలుస్తుంది. అప్పుడు 166 సెక్షను కింద ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు నివసించే ఊరి ట్రిబ్యునల్‌లో కూడా వేయవచ్చు. నల్గొండలో ఉన్న తల్లి కొడుకు కేసు కోసం హైదరాబాదుకు తిరగనక్కరలేదు.

గడువు జాగ్రత్త. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన 6 నెలల లోపల క్లెయిము వేయాలన్న నిబంధన మళ్లీ వచ్చింది. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాలు నడిచింది. గడువు దాటిందని క్లెయిములను కొట్టివేయవద్దని 2025 నవంబరులో ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయినా ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవద్దు, 6 నెలల లోపలే వేయండి.

తప్పు ఎవరిదన్న వాదన పెట్టుకునే ఓపిక లేని వారికి 164 సెక్షను ఉంది. అందులో తప్పు రుజువు చేయనక్కరలేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు బండి యజమాని లేదా బీమా కంపెనీ ఇవ్వాలి.

పెన్షనర్లకు ఒక మాట. "ముసలివాడికి ఏం పరిహారం వస్తుందిలే" అంటూ ఉంటారు. మన పెన్షన్ కూడా ఆదాయమే. 61 నుంచి 65 ఏళ్ల వరకు గుణకం 7, ఆ పైన 5. భార్యకు కుటుంబ పెన్షన్ వస్తోంది కదా అని పరిహారంలో కోత పెట్టకూడదని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ ముక్క మన సోదరీమణులు తప్పక గుర్తుపెట్టుకోవాలి.

శిక్ష మాటేమిటంటారా? కొత్త న్యాయ సంహితలో, ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా పారిపోతే, మనిషి చనిపోతే, పదేళ్ల వరకు జైలు అని రాశారు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మె, హైదరాబాదు పెట్రోలు బంకుల దగ్గర బారులు గుర్తున్నాయి కదా! గొడవంతా దాని గురించే. 2024 జూలై 1న మిగతా చట్టం అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్ను పక్కన పెట్టారు. నిర్లక్ష్యం వల్ల మరణానికి అయిదేళ్ల దాకా శిక్ష మాత్రం అమలులోకి వచ్చింది. ప్రమాదం జరిగితే ఆగి గాయపడిన వారికి వైద్యం అందేలా చూడాలన్న బాధ్యత మోటారు వాహనాల చట్టం 134 సెక్షనులో మొదటి నుంచీ ఉంది. మన పిల్లలూ కార్లు నడుపుతున్నారు, వారికీ ఈ మాట చెప్పండి.

బండి దొరకకపోతే

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. కానీ 161 సెక్షను ఉన్నదే ఇందుకు. 1982లో తొలిసారి ఈ ఏర్పాటు వచ్చినప్పుడు మరణానికి 5,000, తీవ్ర గాయానికి 1,000. 1988 చట్టంలో అవి 8,500, 2,000 అయ్యాయి. 1994లో 25,000, 12,500 చేశారు. అక్కడే 27 ఏళ్లు నిలిచిపోయాయి. మన కరువు భత్యం 27 ఏళ్లు పెరగకపోతే మనం ఊరుకునేవాళ్లమా? ఈ సొమ్ము అడిగే సంఘం లేదు, అందుకని పెరగలేదు. చివరికి 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000 చేశారు.

తీవ్ర గాయం అంటే కాళ్లూ చేతులూ పోవాలని కాదు. ఎముక విరగడం గానీ, పన్ను విరగడం గానీ చాలు. పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. నా మణికట్టు కూడా ఈ లెక్కలోకే వచ్చేది.

పద్ధతి ఇది. మొదటి నంబరు ఫారంలో దరఖాస్తు రాసి క్లెయిముల విచారణాధికారికి ఇవ్వాలి. మన దగ్గర ఆయన ఆర్.డి.ఓ. హోదా వారు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ రంగారెడ్డి జిల్లా కిందికి వస్తాయి. దరఖాస్తుతో పాటు ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల నివేదిక లేదా పోస్టుమార్టం నివేదిక, గుర్తింపు, చిరునామా పత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం నకలు జతచేయాలి. తర్వాత బండి దొరికి వేరే పరిహారం వస్తే ఈ సొమ్ము తిరిగి ఇస్తానని ఒక హామీ పత్రం కూడా ఇవ్వాలి. విచారణాధికారి నెల లోపల నివేదిక పంపాలి. కలెక్టరు గారు 15 రోజుల్లో మంజూరు చేయాలి. ఆ తర్వాత 15 రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ సొమ్మును నేరుగా బ్యాంకు ఖాతాలో వేయాలి. కోర్టు లేదు, వకీలు లేడు, తప్పు ఎవరిదని రుజువు చేయడం లేదు.

ఇంత సులువైన దారిలో ఎంతమంది నడిచారంటారా? 2022లో దేశం మొత్తం మీద కొట్టి పారిపోయిన ప్రమాదాలు 67,387. వాటిలో చనిపోయిన వారు 30,486 మంది. 2022-23 ఆర్థిక సంవత్సరంలో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కారమైనవి 95. ఈ దరఖాస్తుల లెక్క 2024 జనవరి 12న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టే బయటపెట్టింది. జనానికి తెలియకపోవడమే కారణమని గ్రహించి, అదే తీర్పులో పోలీసులకు ఒక బాధ్యత అప్పగించింది. నెల రోజులు వెతికినా బండి ఆచూకీ తెలియకపోతే, మీకు ఈ పథకం కింద పరిహారం వస్తుందని, ఫలానా అధికారిని కలవాలని బాధితులకు పోలీసులే లిఖితపూర్వకంగా తెలపాలి. ప్రమాద నివేదికను కూడా విచారణాధికారికి పంపాలి. వీటిని చూసేందుకు ప్రతి జిల్లాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే కమిటీ వేయాలి. ఆ ఉత్తరం రాకపోతే అడగండి. న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు 15100. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

చూడని నంబరు

చివరిగా మా అపార్టుమెంటు వాచ్‌మన్ సంగతి చెప్పి ముగిస్తాను. నారాయణపేట వైపు మనిషి. 2024 ఆగస్టులో తెల్లవారుజామున సైకిలు మీద వస్తుంటే డీసీఎం వ్యాను కొట్టి వెళ్లిపోయింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఈసారి నేను ముందే మేలుకున్నాను. ఆసుపత్రికి వెళ్లి అతని పక్కనే నిలబడి, డాక్టరు గారు రాస్తున్నది చూస్తూ, "వ్యాను కొట్టి వెళ్లిపోయింది అని రాయండి బాబూ" అన్నాను. ఆ రోజు మధ్యాహ్నానికి ఎఫ్.ఐ.ఆర్. అయింది. మా అపార్టుమెంటు కుర్రాళ్లు మూడు చోట్ల కెమెరాల రికార్డు భద్రపరిచేలా చేశారు. తెల్లని డీసీఎం కనిపించింది. నంబరు పలక మీద మట్టి కొట్టుకుపోయి ఉంది, ఒక్క అంకె తేలలేదు.

పది రోజులకు ఒక మధ్యవర్తి ఆసుపత్రికి వచ్చాడు. తనకు తెలిసిన డీసీఎం ఉందని, బీమా ఉందని, డ్రైవరు ఒప్పుకుంటాడని, నంబరు చూశానని వాఙ్మూలం ఇస్తే చాలని, లక్షలు వస్తాయని, అందులో సగం తనదని చెప్పాడు. వాచ్‌మన్ భార్య నా వైపు చూసింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, జీతం ఆగిపోయింది. అది నేరమని, పట్టుబడితే నిజమైన గాయానికి కూడా పైసా రాదని నేను చెప్పబోయాను. నాకంటే ముందు మంచం మీద నుంచి అతనే అన్నాడు: "నెంబరు నేను చూడలే సార్. చూడంది చూసిన అని ఎట్ల చెప్పాలె? ఆ డ్రైవరుకు గూడ పిల్లలుంటరు గద."

నెల గడిచింది, బండి దొరకలేదు. మేము 161 సెక్షను కింద దరఖాస్తు పెట్టాం. చట్టంలో రాసిన రోజుల లెక్క ప్రకారం రాలేదు. రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి, కాగితాలు మళ్లీ చూపించి వచ్చాం. అయిదో నెలలో అతని ఖాతాలో 50,000 పడ్డాయి. ఆ కాలికి అది సరిపోయే ధర కాదు. కానీ అతను పాసుపుస్తకం తెచ్చి చూపించినప్పుడు ఆ ముఖంలో దానం పుచ్చుకున్న వాడి కుంగుబాటు లేదు. అదే కట్టలో అతనికి ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చేయించాం. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వరకు ఎవరైనా చేరవచ్చు. మనలో డెబ్బై దాటని వారు ఈ నెలలోనే బ్యాంకులో అడగండి.

మిత్రులారా, మనలో రెవెన్యూ శాఖలో పని చేసిన వారున్నారు, పోలీసు శాఖలో, ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, బ్యాంకుల్లో పని చేసిన వారున్నారు. ఈ దరఖాస్తు తిరిగే ప్రతి బల్ల వెనుకా ఒకప్పుడు మనలో ఎవరో ఒకరు కూర్చున్నారు. కాగితం ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకని కార్యదర్శి గారికి ఒక మనవి. మొదటి నంబరు ఫారం నకళ్లు మన సంఘం ఆఫీసులో ఒక పది ఉంచండి. వారానికి ఒక పూట అక్కడ కూర్చుని నింపిపెట్టే పని నేను తీసుకుంటాను. కుడి చెయ్యి బాగానే ఉంది కనుక రాయగలను. మీరు చేయవలసింది ఒక్కటే. మీ ఇంటికి పాలు, పేపరు తెచ్చే అబ్బాయికీ, మీ వాచ్‌మన్‌కూ, మీ మనవడికీ ఈ ముక్క చెప్పండి. బండి కొడితే "పడ్డాను" అనవద్దు. "కొట్టి వెళ్లిపోయింది" అని చెప్పమనండి.

పెన్షన్ దయ కాదు, హక్కు అని మనకు 1982లో తెలిసింది. ఈ పరిహారం కూడా అలాంటిదేనని సైకిలు తొక్కే మనిషికి తెలియజెప్పడం మన వంతు.